పీఎఫ్ క్లెయిమ్ ఎందుకు ఆగింది? సమస్య, కారణం, పరిష్కారం

పోలేపల్లి ఫార్మా యూనిట్లు, మిర్యాలగూడ రైస్‌మిల్లులు, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. ఎక్కడ పనిచేసినవాళ్లకైనా క్లెయిమ్ ఆగేది ఎక్కువగా రికార్డులో ఏదో ఒక తప్పు వల్లే. ఆ తప్పు అలాగే ఉంచి పదిసార్లు పెట్టినా పదిసార్లూ తిరిగొస్తుంది. పీఎఫ్ సభ్యుల పోర్టల్‌లో ‘ట్రాక్ క్లెయిమ్ స్టేటస్’ తెరిచి, రాసిన కారణం ముందు చదవండి.

పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవట్లేదు

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ ఇదే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పనిలో చేరిననాడు కంపెనీలో ఒక్క అక్షరం రాసి వదిలేస్తారు. లక్ష్మయ్య అనే పేరే ఇంగ్లీషులో ఒకచోట ‘ఎక్స్’తో, ఇంకోచోట ‘కేఎస్‌హెచ్’తో ఉంటుంది. కంప్యూటర్‌కు వీళ్లు ఇద్దరు మనుషులు. ఆధార్‌లో జనవరి 1, పదో తరగతి మెమోలో వేరే తేదీ ఉండటం కూడా మామూలే.

ఆధారే తప్పయితే ముందు ఆధార్ సరిచేయించండి, ఆ తర్వాతే పీఎఫ్‌లో ‘జాయింట్ డిక్లరేషన్’ (వివరాలు సరిచేయమనే అర్జీ) పెట్టండి. ఈ వరుస తప్పితే పని రెండింతలు. 2017 అక్టోబర్ 1 తర్వాత, ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) అయితే 2025 జనవరి నుంచి కంపెనీ ఆమోదం లేకుండా మీరే మార్చుకోవచ్చు. అంతకుముందుదైతే అర్జీ కంపెనీ నుంచే పోవాలి.

‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ లేదు

పని మానేసినా కంపెనీ ఆ తేదీ ఎక్కించలేదన్నమాట. వాళ్ల చుట్టూ తిరగనక్కర్లేదు. చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత, లాగిన్ అయి ‘మేనేజ్’లో ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి, పాత ఖాతా ఎంచుకుని, తేదీ, కారణం ఇచ్చి, ఆధార్ ఓటీపీతో ముగించండి. చివరి జమ ఏ నెలదో ఆ నెలలోని తేదీయే ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక అక్కడే మళ్లీ మార్చలేరు, అందుకే పాస్‌బుక్ పక్కన పెట్టుకుని చేయండి. కొత్త పనిలో చేరిన తేదీని దాటితే ట్రాన్స్‌ఫర్ దగ్గర మళ్లీ ఇరుక్కోవచ్చు.

క్లెయిమ్ సెటిల్ అంది, పైసలు మాత్రం పడలేదు

ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) చూడండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. తెలంగాణలోని ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. కేవైసీలో పాత కోడ్ ఉంటే కొత్త పాస్‌బుక్ చూసి మార్చి, మళ్లీ క్లెయిమ్ పెట్టండి.

ఫారం 19 పైసలు వచ్చినయ్, 10సీ రిజెక్ట్ అయింది

ఫారం 19 పీఎఫ్ సొమ్ముకు, 10సీ పింఛను సొమ్ముకు పెట్టేవి. సర్వీసు తొమ్మిదిన్నరేళ్లు దాటితే పదేళ్లుగానే లెక్కిస్తారు. అప్పుడు పింఛను సొమ్ము చేతికివ్వరు, 58 ఏళ్లకు నెలనెలా పింఛనే వస్తుంది. ఇది మీకు నష్టం కాదు, స్కీమ్ సర్టిఫికెట్ (మీ పింఛను సర్వీసు చూపే పత్రం) తీసుకుని భద్రంగా పెట్టుకోండి.

కంపెనీ వాటా తక్కువ పడింది

15,000 జీతం మీద మీ కోత 1,800. కంపెనీ కట్టేదీ అంతే, కానీ అందులో 1,250 పింఛనుకు పోయి 550 మాత్రమే పీఎఫ్‌లో చేరుతుంది. పింఛను గడికి వడ్డీ కలవదు.

టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసేశారు

ఐదేళ్ల లోపు సర్వీసుతో 50,000 లేదా ఆపైన తీస్తే 10 శాతం, పాన్ లేకపోతే 20 శాతం కోత. పాత ఖాతాను కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ చేసుకుని ఉంటే పాత ఏళ్లూ ఈ ఐదులో కలుస్తాయి. కంపెనీ మారినప్పుడల్లా తీసేసుకునేవాళ్లు పోగొట్టుకునేది ఇదే. పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి కోసింది తిరిగి తెచ్చుకోండి.

జీతంలో కోత ఉంది, పాస్‌బుక్‌లో లేదు

ఒక నెల జమ తర్వాతి నెల 15లోపు కట్టాలి. అది దాటినా కనిపించకపోతే పేస్లిప్ ఫొటోతో ఈపీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. నెలల వారీగా ఏ నెలది రాలేదో రాయండి, రిజిస్ట్రేషన్ నంబరు దాచుకోండి. ఇంటర్నెట్ సెంటర్లో చేయించినా ఓటీపీ మీరే టైప్ చేయండి.