మనవడికి ఫారం-6, తాతమ్మకు ఫారం-12డి: విశాఖలో ఓటుకు దరఖాస్తు ఇలా

కొత్త ఓటు కోసం ఇప్పుడు జనవరి దాకా ఆగక్కర్లేదు. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. 17 నిండిన పిల్లలు కొత్త ఓటు దరఖాస్తు అయిన ఫారం-6 ముందే ఇవ్వొచ్చు. 18 నిండాక వచ్చే అర్హత తేదీకి పేరు జాబితాలో చేరుతుంది. ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ విషయం తెలియాలి.

దరఖాస్తుకు ఫీజు లేదు. ఎన్నికల సంఘం యాప్‌లోగానీ, ఓటర్ల పోర్టల్‌లోగానీ ఫారం నింపి ఫొటో, వయసు రుజువు (పదో తరగతి సర్టిఫికెట్ చాలు), చిరునామా రుజువు జతచేయాలి. ఆన్‌లైన్ అంటే టెన్షన్ పడేవారు కాగితం ఫారాన్ని మీ బూత్ బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) చేతికే ఇవ్వొచ్చు. రిఫరెన్స్ నంబరు దాచుకోండి, దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో దానితోనే తెలుస్తుంది. బీఎల్ఓ విచారణకు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. సందేహాలుంటే 1950కి ఫోన్ చేయండి.

హాస్టల్ విద్యార్థులు ఇక్కడే నమోదు కావచ్చు, సొంతూరిలోనూ కావచ్చు. రెండుచోట్లా మాత్రం కుదరదు, అది చట్టవిరుద్ధం. గాజువాక నుంచి మధురవాడకు ఇల్లు మారితే నియోజకవర్గమే మారిపోతుంది. గాజువాక ఓటరు కాస్తా భీమిలి ఓటరవుతారు. అందుకు కొత్తగా ఫారం-6 కాదు, ఫారం-8 ఇవ్వాలి. పేరులో తప్పులు దిద్దడానికీ, పోయిన కార్డు మళ్లీ తీసుకోవడానికీ అదే ఫారం.

ఇక పెద్దవాళ్ల సంగతి. "ఈ వయసులో నాకెందుకులేరా ఓటు" అని వాళ్లంటే ఊరుకోకండి. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే ఓటేసే వీలుంది. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం-12డి ఇవ్వాలి. గడువు చాలా తక్కువ కాబట్టి ఇంట్లో పిల్లలే గుర్తుపెట్టుకుని నింపిపెట్టాలి. పోలింగ్ సిబ్బంది ముందే చెప్పి బ్యాలెట్‌తో ఇంటికొస్తారు, ఓటు రహస్యంగానే ఉంటుంది. ఇలా ఒప్పుకున్నాక బూత్‌కు వెళ్లి వేయడం కుదరదు.

మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లోని 98 వార్డుల ఓటర్ల జాబితాలకూ అసెంబ్లీ జాబితానే ఆధారం. కొళాయి నీళ్లు, కాలువలు, వీధి దీపాల గురించి మాట్లాడే కార్పొరేటర్‌ను ఎన్నుకోవాలన్నా అందులో పేరుండాలి. కార్డు చేతిలో ఉందని ధీమా వద్దు, జాబితాలో పేరు చూసుకోండి. నామినేషన్ల గడువు ముగిశాక ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు.