ట్యాంకు నమూనాకు కదిలే ట్రాకులు – మూడో పాఠం: లింకుకు లింకు కలపడం

గత పాఠంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ట్యాంకు టీ-34-85 నమూనాకు చక్రాలన్నీ బిగించాం. ట్రాకు బిగువును సరిచేసే ఐడ్లర్ చక్రానికి (అన్నిటికంటే ముందుండేది) మాత్రం జిగురు పెట్టకుండా వదిలేశాం. దాని అవసరం ఈ పాఠంలో వస్తుంది. ఇప్పుడు 1/35 స్కేలు తెల్ల లోహపు లింకులతో ట్రాకు అల్లడం నేర్చుకుందాం.

ఈ ట్యాంకులో ట్రాకు పై వరుసను మోసే చిన్న రోలర్లు లేవు. ఆ వరుస నేరుగా పెద్ద చక్రాల మీదే వాలుతుంది, చక్రాల మధ్య కొద్దిగా కిందికి ఒంగుతుంది. రెండో చక్రానికీ మూడో చక్రానికీ నడుమ ఖాళీ మిగతా చోట్ల కంటే ఎక్కువ. టీ-34ను ఎరిగినవారి కన్ను ముందు అక్కడికే వెళుతుంది. కిట్‌లో వచ్చే మెత్తని పట్టీ బిగుసుకుని చక్రాల మీద తేలుతున్నట్టు ఉంటుంది. లోహపు ట్రాకు తన బరువుతో తానే వాలుతుంది. అయితే అందుకు ప్రతి కీలూ వదులుగా తిరగాలి. ఒక్కటి బిగిసినా ఆ చోట వరుస కర్రలా నిలబడుతుంది, రంగు వేశాక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే నా దృష్టిలో ఈ పనిలో ముప్పావు వంతు కీలులో పిన్ను దూరే రంధ్రం దగ్గరే ఉంది.

అసలు ట్రాకు వెడల్పు 500 మి.మీ., ఒక లింకు నిడివి 172 మి.మీ. మన స్కేలులో అవి సుమారు 14.3, 4.9 మి.మీ. అవుతాయి. ఒక్కో వైపు 72 లింకులు. వాటిలో 36 లోపలి ముఖం మధ్యలో కొమ్మున్నవి, 36 చదునైనవి, ఒకటి విడిచి ఒకటి వస్తాయి. రెండు రకాలనూ వేర్వేరు గిన్నెల్లో పోసుకోండి. పోత అంచుల్లో మిగిలిన పలుచని రేకును సన్నని ఆకురాయితో తీసేయండి. ఈ లోహంలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, బల్లను తడిగుడ్డతో తుడవాలి.

ఇక రంధ్రాలు. పోత పోసినప్పుడు కొన్ని మూసుకుపోతాయి, కొన్ని సగమే తెరుచుకుంటాయి. లింకులను కలిపే పిన్నుగా సెట్‌లో ఇచ్చిన తీగ మందం చూసి, దానికంటే రవ్వంత పెద్ద డ్రిల్ బిట్ తీసుకోండి. తీగ 0.5 మి.మీ. అయితే బిట్ 0.55 చాలు. మోటారు డ్రిల్ వద్దు, చేతి డ్రిల్లే వాడండి. మెత్తని లోహం బిట్‌ను పట్టేస్తుంది. రెండు మూడు చుట్లు తిప్పి వెనక్కి లాగి, పొట్టు దులిపి, మళ్లీ తిప్పాలి. తొందరపడితే బిట్ లోపలే విరుగుతుంది, ఆ లింకు ఇక పనికిరాదు. బాగున్నట్టు కనిపించే రంధ్రాల్లో కూడా ఒకసారి బిట్ తిప్పి తీరాలి.

తీగను రెండు చదునైన పలకల మధ్య దొర్లిస్తే వంకరలు పోతాయి. కట్టర్‌తో కొనను ఏటవాలుగా కత్తిరించండి. రెండు లింకుల కీళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, ట్యాంకు దేహం వైపు ఉండే అంచు నుంచి తీగ దూర్చండి. ఈ వైపే ఎందుకంటే అసలు ట్యాంకులో పిన్ను తల లోపలి వైపు ఉంటుంది. నడకలో పిన్ను లోపలికి జరిగి బయటపడితే, వెనుక డ్రైవ్ చక్రం దగ్గర దేహానికి వెల్డింగ్ చేసిన ఇనుప ముక్క దానికి తగిలి మళ్లీ తన చోటికి నెడుతుంది. యుద్ధభూమిలో సిబ్బందికి పని తగ్గించిన ఈ సాదా ఏర్పాటంటే నాకెంతో గౌరవం.

తీగ దూర్చాక ఒక లింకును పట్టుకుని పైకెత్తండి. రెండోది తన బరువుతోనే కిందికి వాలాలి. వాలకపోతే తీగ తీసి రంధ్రాన్ని మళ్లీ శుభ్రం చేయండి. వాలితే అర మిల్లీమీటరు తల వదిలి తీగను కత్తిరించి, సూది మొనతో చిక్కని సూపర్ గ్లూను ఆ చివరి కీలుకే అంటించండి. పల్చని జిగురు వద్దు. అది కీలు లోపలికి పాకి అన్నిటినీ అతికించేస్తుంది.

పదేసి లింకుల ముక్కలుగా అల్లి, తర్వాత వాటిని కలపడం సులువు. ఎడమ, కుడి ట్రాకులకు తీగ దూర్చే వైపు మారుతుంది కాబట్టి వేర్వేరు చీటీలు పెట్టుకోండి.

చివరి పిన్నుకు జిగురు పెట్టకుండా ట్రాకును నమూనాకు తొడగండి. డ్రైవ్ చక్రంలోని ఆరు రోలర్లలో ట్రాకు చుట్టుకున్నవి కొమ్ములకు ఆనాలి. వదులు ఎక్కువైతే ఒక్క లింకు తీసేయకండి, రెండు చదునైనవో రెండు కొమ్మున్నవో పక్కపక్కన పడతాయి. అసలు సిబ్బంది చేసినట్టే ఐడ్లర్‌ను ముందుకో వెనక్కో జరిపి, పై వరుస చక్రాల మీద వాలే చోట ఆపండి. అప్పుడు ఐడ్లర్‌కు జిగురు పెట్టండి. ట్రాకును మాత్రం విప్పి పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో దాన్ని నల్లబరిచే ద్రావణంలో ముంచుతాం, ఆ పనికి ట్రాకు విడిగానే ఉండాలి.