విమాన దూరం మనమే లెక్కకడదాం – మూడో పాఠం: శంషాబాద్ నుంచి డాలస్

పోయిన పాఠంలో ఢిల్లీ దూరం కట్టాం. అక్షాంశాల తేడా 11.3 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 1,255 వచ్చింది. ఈసారి అదే లెక్కతో అమెరికా వెళ్దాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్కింటి పిన్నిగారు డిసెంబర్‌లో మొదటిసారి డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. టికెట్ వచ్చిన దగ్గర్నుంచి ఆవిడకు ఒకటే టెన్షన్. "సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఎక్కి, సోమవారం సాయంత్రం నాలుగుకే దిగుతానట. అమ్మాయేమో దాదాపు రోజంతా ప్రయాణమే అంటోంది. ఏది నిజమమ్మా?"

రెండూ నిజమే. ముందు దూరం చూద్దాం.

ఒక గ్లోబు, కాస్త దారం తీసుకోండి. గోడ మ్యాపు వద్దు, దాని మీద దగ్గరి దారి కనిపించదు. దారం కొసను హైదరాబాద్ మీద వేలితో నొక్కిపట్టి, డాలస్ దాకా బిగించి లాగండి. అది పడమటికి పోదు. నేరుగా ఉత్తరానికెక్కి, గ్లోబు నెత్తిన ఉండే మరకు తగులుకుంటుంది. "అయ్యో, ఇంత పైకి పోయిందేమిటి!" అని పిన్నిగారు దాన్ని కిందికి జరపబోయారు. జరపకూడదు, అదే దగ్గరి దారి.

శంషాబాద్ రేఖాంశం తూర్పున 78.4, డాలస్‌ది పడమట 97. కూడితే 175.4, అంటే 180కి దగ్గర. డాలస్ దాదాపు ఉత్తర ధ్రువానికి సరిగ్గా అవతలివైపు ఉందన్నమాట. ఇలాంటి జంట దొరికితే త్రికోణమితితో పనే లేదు. మన అక్షాంశం 17.2, డాలస్‌ది 32.9. ఇటు భూమధ్యరేఖ నుంచి ధ్రువం మీదుగా అటు భూమధ్యరేఖ దాకా 180 డిగ్రీలు కదా, అందులోంచి ఈ రెండింటినీ తీసేస్తే 129.9. దాన్ని 111తో హెచ్చిస్తే 14,400 పైచిలుకు కిలోమీటర్లు. సరిచూసుకోవాలంటే 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద దారం కొలవండి, 34 సెంటీమీటర్లు ఉంటుంది. సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు.

పిన్నిగారి టికెట్ దుబాయ్ మీదుగా. అక్కడికి 2,550, అక్కణ్నుంచి 12,900. నేరు దారికంటే వెయ్యి ఎక్కువ. గంటకు 900 చొప్పున 17 గంటలు. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. పడమటికి పోయేటప్పుడు ఎదురుగాలి కూడా ఉంటుంది. అందుకని 20 వేసుకోండి. దుబాయ్‌లో ఆగేది మూడు. మొత్తం 23 గంటలు.

నాలుగున్నరకు 23 కలిపితే మన గడియారంలో మంగళవారం తెల్లవారుజామున మూడున్నర. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అంత వెనక్కి తిప్పితే సోమవారం సాయంత్రం నాలుగు! మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అయితే పదిన్నరే తిప్పాలి.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు టికెట్ మీది వేళలు చూసి మోసపోవద్దు. ఒంటికి గడిచేది 23 గంటలే. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇంటిపని: చికాగో అక్షాంశం 42, రేఖాంశం పడమట 87.9. ధ్రువం మీదుగా లెక్కేస్తే 13,400 వస్తుంది. దారంతో కొలిస్తే అంతకంటే కొంచెం తక్కువ రావాలి. ఎందుకో ఆలోచించండి, వచ్చే పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.