శిక్షణ అయినా పంచాయతీ సిబ్బంది పని మారకపోతే: ఎక్కడ చూడాలి, ఎలా సరిచేయాలి

శిక్షణకు వెళ్లొచ్చినవాళ్లు పాత పద్ధతిలోనే పని చేస్తుంటే మళ్లీ శిక్షణకే పంపడం ఆఫీసుల్లో మామూలు. ముందు ఆ పని మీ ఎదుటే చేయించి చూడండి. చక్కగా చేస్తే లోపం శిక్షణలో లేదు, పని అప్పగించిన తీరులో ఉంది.

సమస్య: రోజూ బ్లీచింగ్ వేస్తున్నామంటారు, చివరి వీధి కుళాయిలో మాత్రం క్లోరిన్ కనిపించదు.

కారణం: పంప్ ఆపరేటర్‌కు వెయ్యమన్నారే గానీ ఎంత వేయాలో చెప్పలేదు. గుప్పెళ్ల లెక్కే నడుస్తోంది. లేదా సంచి మూతి కట్టకుండా వదిలేశారు. తాజా పొడిలో 33 శాతం దాకా ఉండే క్లోరిన్ తేమ, వేడి తగిలితే పడిపోతుంది.

పరిష్కారం: వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములతో మొదలుపెట్టండి. 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లితే సున్నం అడుగున పేరుకుంటుంది. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగాకే నీళ్లు వదలాలి. చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌లో (నీటిలో క్లోరిన్ కొలిచే చిన్న పరికరం) లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గితే మర్నాడు మోతాదు పెంచాలి. 100 గ్రాములు ఒకసారి తూకం వేసి, డబ్బా మీద అక్కడ పెయింటుతో గీత గీసి ఇవ్వండి. రెండు రోజుల క్లాసు కన్నా ఆ గీతే ఎక్కువ పని చేస్తుంది. రిజిస్టర్‌లో తేదీ, మోతాదు, రీడింగ్ రాయించి, కార్యదర్శి వారానికోసారి చెప్పకుండా వెళ్లి తానే పరీక్షించాలి.

సమస్య: దరఖాస్తులు ఆన్‌లైన్‌లో ఎక్కించే డిజిటల్ అసిస్టెంట్ సెలవు పెడితే దరఖాస్తులన్నీ ఆగిపోతాయి.

కారణం: పని ఒక్కరికే వచ్చు. పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పడం పరిష్కారం కాదు, రేపు తప్పు జరిగితే ఎవరు చేశారో తేలదు.

పరిష్కారం: సెలవుకు ముందే ఎంపీడీవో ద్వారా మరొకరికి ఇన్‌చార్జి ఇప్పించండి. ఆ వ్యక్తి ఐదారు నిజమైన దరఖాస్తులు స్వయంగా ఎక్కించాలి. నేర్పేవారు పక్కన కూర్చోవచ్చు, కీబోర్డు ముట్టుకోకూడదు.

సమస్య: ఫీల్డ్‌లో ఉన్నామంటారు, ఎక్కడో ఎవరికీ తెలియదు.

కారణం: ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఇది ఎక్కువ. హాజరు సచివాలయంలో, పని చెప్పేది సొంత శాఖ మండల అధికారి.

పరిష్కారం: బయటికి వెళ్లేముందు రాసే మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో ‘ఎవరు చెప్పారు’ అనే గడి కూడా పెట్టండి. ఒకే పూటకు రెండు పనులు పడితే ఏది ముందో ఎంపీడీవో రాతపూర్వకంగా తేల్చాలి. ఫోన్ మాటలు నిలబడవు.

సమస్య: తెలంగాణలో ట్రాక్టర్, వీధి దీపాలు, మోరీలు, మూడూ ఒకే కార్మికుడి మీద పడి ఏదీ సరిగా జరగదు.

కారణం: జీవో 51 తెచ్చిన మల్టీపర్పస్ విధానాన్ని (ఒకే కార్మికుడితో పలు రకాల పనులు చేయించడం) ఎవరికైనా ఏ పనైనా చెప్పొచ్చని అర్థం చేసుకున్నారు. దాన్ని రద్దు చేయాలని కార్మిక సంఘాలు అడగడానికి కారణాలున్నాయి.

పరిష్కారం: ఎవరికి ఏ పని వచ్చో పేరుపేరునా రాసి గోడకు అంటించండి. లైసెన్స్ లేనివారికి ట్రాక్టర్ తాళం ఇవ్వొద్దు. వీధి దీపం మార్చాలంటే కరెంటు పని నేర్చినవారినే పంపాలి, అదీ విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపామన్న నిర్ధారణ) ఇచ్చాకే.