చౌక ఇంధన మార్పులతో మోటారుసైకిల్ నడక మెరుగుపడుతుందా? చేసి చూసుకునే పద్ధతి

ఒకే వేగంతో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బండి ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్లు ఉండడం, మూసిన యాక్సిలరేటర్‌ను మళ్ళీ తెరిచిన క్షణంలో కుదుపు రావడం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని శబ్దాలు రావడం: ఇంధన సరఫరాను మార్చే చౌక పరికరాలు కొనేవారు ఎక్కువగా ఈ మూడు బాధల కోసమే కొంటారు. అవన్నీ మోసమని కొట్టిపారేయడం ఎంత తొందరపాటో, ప్రకటన చదివి నమ్మేయడమూ అంతే తొందరపాటు. యాక్సిలరేటర్ ఏ స్థితిలో ఉన్నప్పుడు బండి ఇబ్బంది పెడుతోంది, ఆ స్థితిలో ఇంజిన్‌కు చేరే పెట్రోలును ఈ మార్పు నిజంగా మార్చగలదా అన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, కొనాలో వద్దో చాలావరకు తేలిపోతుంది.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఇంతకంటే ఎక్కువైతే మిశ్రమం పలచనిది, తక్కువైతే చిక్కనిది. ఇంజిన్ గరిష్ఠ శక్తినిచ్చేది కొంచెం చిక్కగా, 13 దగ్గర ఉన్నప్పుడు. సైలెన్సర్‌లోని కేటలిస్ట్ పొగను సరిగా శుద్ధి చేసేది మాత్రం 14.7 దగ్గర. అందుకే ఇంజెక్షన్ బండ్లలోని, అంటే కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే బండ్లలోని కంప్యూటర్, అంటే ఈసీయూ, నిలకడ వేగంలో సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చెప్పేదాన్ని వింటూ మిశ్రమాన్ని ఆ అంకె చుట్టూ తిప్పుతూ ఉంటుంది. సెన్సార్ వోల్టేజి 0.1 వైపు దిగితే పలచన అని, 0.9 వైపు ఎక్కితే చిక్కన అని దానికి అర్థం. యాక్సిలరేటర్‌ను బాగా తెరిస్తే ఈసీయూ సెన్సార్ మాటను పక్కనపెట్టి, తన పట్టికలో ముందే రాసి ఉన్న చిక్కని కొలతలను వాడుతుంది. మిగిలిన వివరమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఏదైనా కొనే ముందు

మొదట బాధను కాగితం మీద పెట్టండి. ఏ గేరు, ఎంత వేగం, ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కిందా, యాక్సిలరేటర్ ఎంత తెరిచి ఉంది అన్నవి రాసుకోవాలి. హ్యాండిల్ పిడి మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీసుకుంటే చివరి కొలత ఊహ మీద ఆధారపడదు. చేతికి సగం తెరిచినట్లు అనిపించేది తరచుగా పావు గీత కూడా దాటదు.

తరువాత ఖర్చు లేని పనులు. యాక్సిలరేటర్ కేబుల్‌కు పిడి దగ్గర సాధారణంగా 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఆట, అంటే వదులు, ఉండాలి. అంతకు మించితే కుదుపు అక్కడే పుడుతుంది. వదులైన చైన్ కూడా సరిగ్గా అదే కుదుపునిస్తుంది, నింద మాత్రం పెట్రోలు మీద పడుతుంది. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, ట్యాపెట్ సందులు (వాల్వుల దగ్గర ఉండాల్సిన ఖాళీ) మాన్యువల్ ప్రకారం ఉన్నాయో లేదో చూడాలి. ఇంజిన్‌కూ, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌కూ లేదా ఇంజెక్షన్ బండ్లలో గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలితే దొంగగాలి లోపలికి వెళ్ళి మిశ్రమం పలచబడుతుంది. సైలెన్సర్ అతుకుల్లో లీకు ఉంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు శబ్దాలు వస్తాయి; ఆ లీకు సెన్సార్‌కు ముందు ఉంటే బయటి గాలి సెన్సార్‌ను మభ్యపెడుతుంది కూడా. రెండు లేదా అంతకంటే ఎక్కువ సిలిండర్లుండి, ఒక్కోదానికి వేర్వేరు థ్రాటిల్ బాడీ ఉన్న బండ్లలో వాటిని వ్యాక్యూమ్ గేజ్‌లతో, అంటే ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని కొలిచే మీటర్లతో, సమం చేయించడం నేను అన్నిటికంటే ముందు చెప్పే పని. నా రెండు సిలిండర్ల బండికి ఒక చౌక పరికరం తగిలించి, కొన్ని వారాలపాటు తేడా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తరువాత థ్రాటిల్ బాడీలను సమం చేసి, కేబుల్ ఆట సరిచేసిన రోజున, పరికరం తీసేసినా బండి మెత్తగా సాగింది.

కార్బురేటర్ బండి అయితే

చౌక మార్పులకు న్యాయమైన ఫలితం దొరికేది ఇక్కడే, ఎందుకంటే చేసిన మార్పును వెనక్కి తిప్పే కంప్యూటర్ లేదు. యాక్సిలరేటర్ సుమారు పావు వంతు వరకు పైలట్ జెట్ (పెట్రోలు వచ్చే చిన్న రంధ్రపు భాగం), పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ (యాక్సిలరేటర్‌తో పాటు లేచే సన్నని సూది), ఆపైన మెయిన్ జెట్ (పెద్ద రంధ్రపు భాగం) పెట్రోలును శాసిస్తాయి. వీటి హద్దులు ఒకదానిమీదికి మరొకటి కొంత వస్తాయి. బాధ ఏ గీత దగ్గర ఉందో ఆ భాగాన్నే ముట్టుకోవాలి. నిలకడ వేగంలో ఊగుతున్న బండికి పెద్ద మెయిన్ జెట్ వేయడం చాలామంది చేసే పొరపాటు.

అసలు పలచనేనా అని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీగా ఉన్న రోడ్డు మీద, బాధ ఉన్న వేగంలోనే, మిశ్రమాన్ని చిక్కగా చేసే చోక్‌ను కొద్దిగా లాగండి. ఊగడం తగ్గితే మిశ్రమం పలచన. ఇంకా ముక్కితే అది ఇప్పటికే చాలినంత చిక్కగా ఉంది, ఇంకా పెట్రోలు కలపడం వృథా. పలచన అని తేలి, నీడిల్‌కు గాడులుంటే క్లిప్పును ఒక గాడి కిందికి మార్చాలి. నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. గాడులు లేని నీడిల్ అయితే దాని తల కింద సుమారు అర మిల్లీమీటరు మందం ఉన్న చిన్న వాషర్ వేస్తే అదే పని జరుగుతుంది. ఖర్చుకు తగ్గ ఫలితం విషయంలో దీన్ని మించిన మార్పు నాకు తెలియదు.

నెమ్మది వేగంలో మిశ్రమాన్ని సరిచేసే పైలట్ స్క్రూను ముట్టుకునే ముందు, అది మెల్లగా అడుగుకు తాకే వరకు బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. గట్టిగా బిగిస్తే దాని సన్నని మొన పాడవుతుంది. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే సాధారణంగా అది పెట్రోలును నియంత్రిస్తుంది, విప్పితే చిక్కబడుతుంది; ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుంది, విప్పితే పలచబడుతుంది. ఈ రెండింటినీ తారుమారు చేసుకుని, తప్పు దిక్కులో తిప్పుతూ రోజంతా గడిపినవారు ఉన్నారు. ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకండి. జెట్ రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. అంకె వేసిన జెట్ చౌకగానే దొరుకుతుంది, నచ్చకపోతే పాతదాన్ని తిరిగి బిగించుకోవచ్చు.

ఇంజెక్షన్ బండి అయితే

అతి చౌకగా దొరికేది గాలి ఉష్ణోగ్రత సెన్సార్‌కు తగిలించే రెసిస్టర్, అంటే కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం. గాలి చల్లబడేకొద్దీ ఈ సెన్సార్ నిరోధకత పెరుగుతుంది కనుక, వైరులో అదనపు నిరోధకత చేరిస్తే గాలి చల్లగా, సాంద్రంగా ఉందని ఈసీయూ భ్రమపడి పెట్రోలు పెంచుతుంది. 30 డిగ్రీల గాలిని 10 డిగ్రీలుగా నమ్మిస్తే, గాలి సాంద్రత లెక్క ప్రకారం పెరుగుదల సుమారు 7 శాతం. అయితే నిలకడ వేగంలో ఆక్సిజన్ సెన్సార్ ఆ చిక్కదనాన్ని పసిగట్టగానే ఈసీయూ ఆ పెట్రోలును తిరిగి కోసేస్తుంది. మార్పు నిలిచేది యాక్సిలరేటర్ బాగా తెరిచినప్పుడు. అక్కడ మిశ్రమం ఫ్యాక్టరీ నుంచే చిక్కగా ఉంటుంది. అంటే బాధ ఉన్నచోట ఫలితం లేదు, ఫలితం ఉన్నచోట బాధ లేదు. ఆక్సిజన్ సెన్సార్ లేని పాత ఇంజెక్షన్ బండికి మాత్రం ఈ లెక్క వర్తించదు; అక్కడ ఇది నిజంగా పనిచేస్తుంది, కాకపోతే అవసరం ఉన్నచోటా లేనిచోటా ఒకే తీరున పెట్రోలు పోస్తుంది.

ఇంధన పీడనాన్ని పెంచే రెగ్యులేటర్‌దీ ఇదే కథ. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు పీడనానికి వర్గమూలం చొప్పున పెరుగుతుంది కనుక, పీడనం 10 శాతం పెంచితే పెట్రోలు సుమారు 5 శాతమే పెరుగుతుంది, దాన్నీ సెన్సార్ సరిదిద్దేస్తుంది.

నిలకడ వేగం మీద నిజంగా ప్రభావం చూపేవి ఆక్సిజన్ సెన్సార్ సంకేతాన్నే కొద్దిగా జరిపే పరికరాలు. ఈసీయూ చేరవలసిన గమ్యాన్నే ఇవి 14.7 నుంచి కొంచెం చిక్కని వైపుకు మారుస్తాయి కాబట్టి, దిద్దుబాటు కూడా వీటికి అనుకూలంగానే సాగుతుంది. పలచని మిశ్రమం వల్లనే ఊగుతున్న బండిలో తేడా చేతికి తెలుస్తుంది. దానికి చెల్లించే మూల్యం మైలేజీ తగ్గడం, పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరగడం, కేటలిస్ట్ పనితనం పడిపోవడం. సెన్సార్‌ను పూర్తిగా తీసేసి ఆ స్థానంలో రెసిస్టర్ ప్లగ్గు పెట్టడం ఇంకో రకం. అప్పుడు ఈసీయూ తన పట్టికనే నమ్ముకుంటుంది, ఆ పట్టిక ఎంత మంచిదైతే బండి అంత బాగా నడుస్తుంది. ఉద్గారాల నియంత్రణలో భాగమైన సెన్సార్‌ను మార్చడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, వారంటీ కూడా పోవచ్చు. ముందు మీ ప్రాంతపు నిబంధన చూసుకోండి.

సైలెన్సర్‌నూ ఫిల్టర్‌నూ మార్చినవారి విషయం వేరు. యాక్సిలరేటర్ తెరిచిన కోణం మీదే ఎక్కువగా ఆధారపడే ఈసీయూకు, పెరిగిన గాలి సంగతి పూర్తి వేగంలో తెలియదు, మిశ్రమం పలచబడుతుంది. బరువు లాగుతున్నప్పుడు పలచని మిశ్రమంతో ఇంజిన్ వేడెక్కి, నాక్ కొట్టి (మిశ్రమం అదుపు తప్పి మండి టకటకలాడి), పిస్టన్ దెబ్బతినవచ్చు. వీరు రెసిస్టర్‌తో సరిపెట్టుకోకుండా, వైడ్‌బ్యాండ్ సెన్సార్‌తో (మిశ్రమం కచ్చితమైన అంకెను చూపే ఆక్సిజన్ సెన్సార్‌తో) కొలిచి ఈసీయూ పట్టికను సరిచేయించుకోవాలి. ఈ ఒక్కచోట చౌకబేరం చేయవద్దని గట్టిగా చెబుతాను.

తేడా నిజమో కాదో తేల్చుకోవడం

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. పరికరం పెట్టాక ఈసీయూ కొత్త సంకేతానికి అలవాటు పడేలా కొంత దూరం నడిపించి, ఆ తరువాతే తీర్పు చెప్పాలి. టైర్ల గాలి, పెట్రోలు, రోడ్డు, వీలైనంతవరకు వాతావరణం ఒకేలా ఉండాలి. చల్లని ఉదయాన ప్రతి బండీ బాగానే లాగుతుంది. మైలేజీని ట్యాంకు నిండుగా పోయించి, కనీసం మూడుసార్లు లెక్కించండి.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్షకు ఒక స్నేహితుడు కావాలి. పరికరం తగిలించాడో తీసేశాడో మీకు చెప్పకుండా, ప్రతిసారీ నాణెం ఎగరేసి అతనే నిర్ణయించాలి. మీరు బండి నడిపి వచ్చి, అది ఉందో లేదో చెప్పి, కాగితం మీద రాయాలి. ఇలా 6 సార్లు చేయండి. కేవలం ఊహతో ఆరింటికి ఆరూ సరిగ్గా చెప్పగలిగే అవకాశం 64లో ఒక్కటే. ఆరూ సరిపోయి, పరికరం ఉన్నప్పుడే బండి మెత్తగా ఉందని మీరు రాసి ఉంటే, దాన్ని ఉంచుకోండి. మూడో నాలుగో మాత్రమే సరిపోతే దాన్ని విప్పి, ఫ్యాక్టరీ ప్లగ్గు తిరిగి బిగించి, కేబుల్ ఆటా చైన్ బిగువూ మరోసారి కొలవండి.