వేర్లు చూశాకే అర్థమైంది
కూకట్‌పల్లిలో మా బాల్కనీలో ఉన్న ఫాలనాప్సిస్ ఆర్కిడ్ ఆకులు జూలైలో మెత్తబడి ముడతలు పడ్డాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకా పోశాను. అదే తప్పు: నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లాయి, అందుకే ఆకులకి నీరు అందలేదు. కుండీలోంచి తీస్తే, మట్టికి బదులు వేసిన చెట్టు బెరడు ముక్కలు కుళ్లి మట్టిలా అయిపోయాయి. వేరును నొక్కితే గోధుమరంగు తొక్క జారిపోయి, లోపల దారం లాంటి పోగు మిగిలింది. గట్టిగా, తడిపితే పచ్చబడే వేర్లు నాలుగే. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మిగతావి కోసేశాను. రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ కుండీలో కొత్త పైన్ బెరడు, బొగ్గు ముక్కలు వేసి నాటాను. మొక్క మొదలు మాత్రం పూడ్చకండి, కుళ్లుతుంది.

ఇప్పుడు వేర్లు వెండిరంగుకి తిరిగాకే నీళ్లు. ఆరు వారాలకి పచ్చటి కొనతో కొత్త వేరు కనిపించింది. ఎంత సంతోషమో! పాత ఆకుల ముడతలు పోలేదు, కొత్త ఆకు మాత్రం బిగువుగా వస్తోంది.