సరిహద్దు ఊళ్లలో కొట్టుకి వాడుకదార్లను నిలుపుకోవడం ఎలా?

ఆంధ్ర సరిహద్దుకి ఒడిశా వైపున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం లాంటి ఊళ్లలో కిరాణా అమ్మినా, బట్టలమ్మినా గల్లాపెట్టె నింపేది మళ్లీ మళ్లీ వచ్చే ఇళ్లే. వీడియోకి పదివేల వ్యూస్ వచ్చాయని సంబరపడితే సరుకు కదలదు. హైదరాబాద్‌లో కూర్చుని చూసినవాడు కందిపప్పు కోసం గుణుపురం రాడు కదా! ఉన్న వాడుకల్ని నిలుపుకుంటూ, వాళ్ల చుట్టాల్ని కూడా కొట్టు ఎక్కించుకోవడానికి చేయాల్సిన పనులివి.

కావలసినవి: 200 పేజీల పొడుగు నోటుబుక్కు, గోడకి తెలుగు క్యాలెండరు ఒకటి, ఒడియా క్యాలెండరు ఒకటి, రోజూ కొట్టు కట్టేముందు పది నిమిషాలు.

1. ఫోన్‌లో ఏది ఉంచాలో తేల్చుకోండి

యూపీఐ, వాట్సాప్‌లో వచ్చే సరుకుల చీటీలు, మ్యాప్‌లో కొట్టు ఉన్న చోటు, తెరిచే వేళలు ఉంచండి. మ్యాప్‌లో వారం సెలవు తప్పుగా ఉంటే కొండ దిగి వచ్చినవాడు మూసిన షట్టర్ చూసి వెళ్లిపోతాడు, కాబట్టి అది ఇవాళే సరిచూసుకోండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. అలా తెచ్చుకున్న చుక్కలు తీసేస్తే మిగిలేదేమీ ఉండదు.

వాట్సాప్ గ్రూపు పెట్టకండి. అందులో ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, ఆడవాళ్లకు అదో తలనొప్పి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. అయితే మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే వాడుకదారు కొట్లో ఉండగానే అడిగి సేవ్ చేయించాలి. నెలకి రెండు మెసేజ్‌లు చాలు. రోజూ గుడ్ మార్నింగ్ పూలు పంపితే మ్యూట్ చేసేస్తారు.

2. మనుషుల పుస్తకం రాయండి

అప్పుల ఖాతా వేరు, ఇది వేరు. మొదట 60 ఇళ్లతో మొదలుపెట్టండి. అంతకుమించి రాస్తే తిరగేయడానికి బద్ధకిస్తారు. ఒక్కో ఇంటికి అరపేజీ వదిలి నాలుగు సంగతులు రాయండి: ఏ ఊరు, ఏ రోజు వస్తారు, తప్పకుండా ఏం కొంటారు, ఏది నచ్చలేదన్నారు.

ఉదాహరణకి: ‘కాశీనగర్ టీచరమ్మ. ఒకటో తారీఖు తర్వాత వచ్చే ఆదివారం. సోనామసూరి 25 కిలోలు. పోయినసారి బస్తాలో నూక ఎక్కువుందన్నారు.’ లేదా: ‘సెరంగో వైపు కొండ పెద్దాయన. సంత రోజు, పదింటి లోపే. ఉప్పు, ఎండుచేపలు, సబ్బులు. చింతపండు తెస్తారు. బస్సు వేళకి వెళ్లిపోవాలి.’

రెండో పద్దులో చివరి మాటే అసలు సరుకు. ఆయన వచ్చినప్పుడు పొట్లాలు ముందే కట్టి ఉంటే, బేరమాడకుండా డబ్బిచ్చి వెళ్తారు.

కులం, జబ్బులు, ఇంటి గొడవలు ఈ పుస్తకంలో రాయొద్దు. ఎప్పుడో ఒకప్పుడు కొట్లో కుర్రాడు చదువుతాడు, మర్నాటికి వీధంతా తెలుస్తుంది. పుస్తకాన్ని బల్లమీద వదలకుండా సొరుగులో పెట్టుకోండి.

3. మొదటి అర నిమిషం తల ఎత్తండి

సౌండ్ బాక్స్ వచ్చాక ఓ అలవాటు పట్టుకుంది. డబ్బు పడిందని డబ్బా చెబుతుంది, షావుకారు ఫోన్‌లోంచి తల ఎత్తడు, వచ్చినవాళ్లు మాట్లాడకుండానే పోతారు. డబ్బా పలికాక మీరూ ‘అందిందమ్మా’ అనండి.

ఫోన్‌లో కనబడిన పేరుతో మాత్రం పిలవకండి. చాలా ఇళ్లలో యూపీఐ ఖాతా కొడుకుదో, భర్తదో అయి ఉంటుంది. వరస పెట్టి పిలవడమే ఈ ప్రాంతపు మర్యాద. తెలుగువాళ్లను అమ్మా, బాబూ, బావగారూ అంటాం. గంజాం వైపు ఒడియా వాళ్లను భాయ్‌నా (అన్నా), నానీ (అక్కా) అంటే చాలు, ముఖం విప్పారుతుంది. వాళ్లు ఏ భాషలో మొదలుపెడితే అందులోనే బదులివ్వండి. వచ్చీరాని ఒడియా అయినా ఫరవాలేదు.

ఇక్కడే అందరూ చేసే పొరపాటొకటుంది. ఒడియా అతనో, సవర గిరిజనుడో ఎదురుగా నిలబడి ఉండగా షావుకారు, కుర్రాడు తమలో తాము తెలుగులో ఏదో అనుకుని నవ్వుకుంటారు. అది క్రికెట్ గురించే కావచ్చు. ఎదుటివాడు మాత్రం తన గురించే అనుకుంటాడు, ధర పెంచి చెబుతున్నారనుకుంటాడు. పైకి ఏమీ అనడు, వచ్చే సంతకి పక్క కొట్టుకి పోతాడు. గిరాకీ ఎదుట ఉన్నంతసేపు వాళ్లకి అర్థమయ్యే భాషలోనే మాట్లాడుకోవాలని కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి.

4. కాటా వాళ్ల వైపు తిప్పండి

ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, మామూలు తూకం రాళ్లకి రెండేళ్లకోసారి తూనికల శాఖ ముద్ర వేయించాలి. ఆ సర్టిఫికెట్ కనబడేలా పెట్టండి. అంకెలు వాడుకదారు వైపు ఉండాలి, ఖాళీ పళ్లెం మీద సున్నా చూపించాకే సరుకు పోయాలి. కొండల నుంచి తెచ్చే చింతపండు, పసుపు, అల్లం కొనేటప్పుడు కూడా అదే కాటా వాడండి. కొనడానికొకటి, అమ్మడానికొకటి పెట్టుకున్న కొట్టుని సంతలో ఎవరూ మరిచిపోరు.

చదువు రానివాళ్లకి లెక్క పైకి చెబుతూ, ఒక్కో వస్తువునీ పక్కకి జరుపుతూ కూడండి. చిల్లర చేతిలో కుప్పగా పోయకుండా నోటు తర్వాత నోటు లెక్కపెట్టి ఇవ్వండి. చివర్లో కొసరు మానకండి. కరివేపాకు రెబ్బ, నాలుగు పచ్చిమిరపకాయలు, పిల్లకో బిళ్ల, ఏదో ఒకటి.

5. రెండు క్యాలెండర్లూ చూడండి

ఒడియా వాళ్ల కార్తీకం కుమార పూర్ణిమ (మన ఆశ్వయుజ పౌర్ణమి) మర్నాడు మొదలై కార్తీక పూర్ణిమతో అయిపోతుంది. మన కార్తీకం దీపావళి అమావాస్య మర్నాడు మొదలై మళ్లీ అమావాస్య దాకా నడుస్తుంది. అంటే పదిహేను రోజుల తేడా. గుడ్లు, ఎండుచేపలు అమ్మేవాళ్లు ఇది గమనించకపోతే సరుకు పాడవుతుంది. ఒడియా ఇళ్లలో గిరాకీ దీపావళికి ముందే పడిపోతుంది, చివరి అయిదు రోజుల పంచుకలో దాదాపు ఉండదు, పూర్ణిమ మర్నాడు, మళ్లీ నీచు తినే ఛాడ ఖాయి నాడు ఒక్కసారిగా లేస్తుంది. అప్పటికి మన ఇళ్లలో కార్తీక సోమవారాలు ఇంకా నడుస్తూనే ఉంటాయి. మార్గశిర లక్ష్మివారాలు ఇద్దరికీ ఉన్నాయి, వాటికీ ఇదే తేడా.

జూన్ మధ్యలో మూడు రోజుల రజొ పండగకి ఒడియా ఇళ్లలో పోడపిఠా అనే కాల్చిన పిండివంట చేస్తారు. బియ్యం, మినప్పప్పు, కొబ్బరి, బెల్లం వారం ముందే తెప్పించి ఉంచండి. ‘ఈసారి ఎంత చేస్తున్నారు?’ అని ఒడియా వాడుకల్ని ముందే అడిగితే ఎంత తెప్పించాలో తెలుస్తుంది, పలకరింపూ అవుతుంది.

6. అరువు ఇవ్వండి, హద్దు పెట్టి ఇవ్వండి

అరువు లేకుండా ఈ ఊళ్లలో కొట్టు నడవదు. అయితే స్నేహాలు చెడేదీ అరువుతోనే. కొత్త ఖాతాకి 500 రూపాయలు చాలు. మూడు నెలలు సక్రమంగా తీరిస్తే 2,000 దాకా వెళ్లొచ్చు. ఊరి మీద ఉన్న బాకీ మొత్తం మీ నెల కొనుగోలులో నాలుగో వంతు దాటితే టోకు వ్యాపారికి మీరు బాకీ పడతారు.

తీర్చే రోజు మీరు చెప్పొద్దు, వాళ్లనే అడగండి: జీతం రోజా, పంట డబ్బులప్పుడా, సంత రోజా? పద్దు రెండు చోట్ల, మీ ఖాతాలోనూ వాళ్ల చిన్న పుస్తకంలోనూ రాయండి. నలుగురి ముందు బాకీ మాట ఎత్తకండి. మొహమాటంతో వాళ్లు రావడం మానేస్తే బాకీతో పాటు బేరమూ పోతుంది. గడువు చెప్పకుండా ఇచ్చిన సరుకు డబ్బుకి దావా వేయాలంటే సరుకిచ్చిన రోజు నుంచి మూడేళ్లే గడువు. ఆలోగా బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే గడువు మళ్లీ మొదలవుతుంది. అందుకే ఏడాదికోసారి లెక్క చూసి సంతకమో వేలిముద్రో తీసుకోవడం మంచిది.

ఆదివాసీల దగ్గర భూమి కాగితాలు తాకట్టు పెట్టుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. ఒడిశాలో 1956 నాటి నిబంధన అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకుంటుంది. చట్టం మాట అటుంచితే, షావుకార్ల మీద కొండల్లో ఉన్న పాత అనుమానమంతా ఆ కాగితాల వల్ల వచ్చిందే.

7. రానివాళ్లను అడగండి

నెలాఖరున పుస్తకం తిరగేసి, రావలసి ఉండీ రానివాళ్ల పేర్ల కింద గీత పెట్టండి. 60 ఇళ్లలో అయిదారుంటే మామూలే, పదిహేను దాటితే మీ కొట్లోనే ఏదో తేడా ఉంది. ఫోన్ చేసినప్పుడు సరుకు మాట ఎత్తకండి. ‘అమ్మా, ఈ నెల కనబడలేదు, అందరూ కులాసానా?’ అంటే చాలు, కారణం వాళ్లే చెబుతారు. ఊరెళ్లామనో, బియ్యంలో పురుగు వచ్చిందనో.

పురుగని తెలిస్తే వాదించకండి, ఖాళీ సంచీ తెమ్మని కూడా అనకండి. మర్నాడే కుర్రాడితో వేరే సరుకు పంపి, పాతది వెనక్కి తెప్పించుకోండి. ఆ బస్తాలోంచే కొన్న మిగతావాళ్లకీ మీరే ముందుగా చెప్పండి. మనుషుల పుస్తకం ఉంటే ఈ పని పావుగంటలో అయిపోతుంది.

ఓ జాగ్రత్త. ఒడిశాలోని పర్లాకిమిడి కొట్టు నుంచి ఆంధ్రలోని పాతపట్నంలో ఇంటికి మీరే సరుకు పంపితే, పక్క ఊరే అయినా జీఎస్టీలో అది అంతర్రాష్ట్ర అమ్మకం. పన్ను పడే సరుకుని రిజిస్ట్రేషన్ లేకుండా గానీ, కాంపోజిషన్ స్కీంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉండి గానీ అలా పంపకూడదు. ఆడిటర్‌ని అడిగి, కుదరకపోతే ఆ ఇళ్లవాళ్లకి విషయం చెప్పి, కొట్టుకొచ్చి పట్టుకెళ్లమనండి.

8. బల్లకి ఇవతలివాళ్లు

సంత రోజు బస్సు దిగినవాళ్లకి ‘ఫలానా కొట్టుకి పోండి’ అని చెప్పేది ఆటో అబ్బాయి, హమాలీ. వాళ్ల కూలి ఏ రోజుది ఆ రోజే ఇచ్చేయండి, ఎండాకాలం కుండలో నీళ్లు పెట్టండి. కొట్లో కుర్రాడు మానేస్తే వాడుకదార్లలో సగం మంది వాడి ముఖం చూసి వచ్చేవాళ్లేనని అప్పుడు తెలుస్తుంది. అందుకని పుస్తకం రాసే పనిలో వాడినీ కూర్చోబెట్టండి, పండక్కి బట్టలు పెట్టండి, జీతం తారీఖు దాటనివ్వకండి.